మూడుసార్లు అనిపించే ఉస్తాద్

దుండిగల్ దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. మా పాత పికప్ బండి వెనక ఇరుసులో నెల రోజులుగా ఒకటే రొద. డ్రైవర్ రోజూ పోరుపెడుతుంటే సరే పదమని నేనూ ఎక్కి కూర్చున్నాను. మేము వెళ్ళేసరికి అక్కడ ఇంకో బండి పని పూర్తవుతోంది. కొత్త కాలనీల ప్లాట్లకు ఇసుక, ఇటుక తోలే బండి అది. నలభై ఏళ్ళ మెకానిక్ దాని కింద నుంచి బయటికి వచ్చి, రంపపు పొట్టులో చేతులు రుద్దుకుంటూ ఆ బండి ఓనర్ను దగ్గరికి పిలిచాడు.

"ఇగ జూడు అన్నా. దీన్ల ప్లేట్ల డిఫరెన్షియల్ ఏసిన. ఒక్క చక్రం జాకీ మీద లేపి గేరెయ్యొద్దు, బండి దుంకుతది. లేపితే రెండు చక్రాలు లేపాలె. ఏం జెప్పిన?"

"గదే, ఒక్క చక్రం లేపొద్దన్నవ్."

"పూరా జెప్పు."

ఓనర్ నవ్వుతూ చెప్పాడు. "మల్ల జెప్పు" అన్నాడు మెకానిక్. మళ్ళీ చెప్పాడు. మూడోసారి అడిగేసరికి అతనికి చిర్రెత్తింది. "బడిల పంతులు గూడ గింత సతాయించలే గదనే" అంటూనే మొత్తం అప్పజెప్పి బండెక్కాడు. మా డ్రైవర్ పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ "మల్ల జెప్పు" నేను ఎరుగుదును. ఆ పొట్టులో చేతులు రుద్దుకోవడమూ ఎరుగుదును.

"ఈ పని యాడ నేర్శినవ్ తమ్మీ?" అని అడిగాను.

"గాజులరామారంల ఒక ముసలాయన దగ్గర సార్. ఉస్తాద్ అంటుంటిమి. అంతకుముందు ఆయనకు మేడ్చల్ల సొంత షెడ్డు ఉండెనంట. మొన్న ఎండకాలం పోయిండు."

నేను అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాను. మా బండికి వేరే పళ్ళ చక్రాలు వెయ్యాలని, సాయంత్రమవుతుందని అతను చెప్పాడు. నేను ఎక్కడికీ పోలేదు. ఉస్తాద్ చేసే పని చూస్తూ ఒకప్పుడు ఇలాగే టైరు మీద నాలుగు రోజులు కూర్చున్నాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉండేది ఆయన షెడ్డు. ఇంజన్ పాడైందని వస్తే పక్క షెడ్డు చూపించేవాడు. బ్రేకులంటే ఎదురు షెడ్డు. వెనక ఇరుసు నడుమ గుమ్మడికాయలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ తప్ప మరొకటి ముట్టుకునేవాడు కాదు. అన్నిటికన్నా వింత, ఆయనకు బండి నడపడం రాదు. ఎవరైనా నడిపితే తను వెనక తొట్టిలో బోర్లా పడుకుని, కుడి చెవి పలకలకు ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. మేడ్చల్ బస్టాండు ముందు నుంచి అలా బోర్లా పడుకున్న మనిషితో బండి పోతుంటే కొత్తవాళ్ళు ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని తప్పుకునేవాళ్ళు.

ఆ కుడి చెవి దగ్గర మనం మాట్లాడితే ఊరుకునేవాడు కాదు. "అది పని చెవి. ఇటు దిక్కు రా" అని ఎడమ చెవి చూపించేవాడు. ఎడమది ఇంటి చెవి అట. ఇంట్లో గొడవలూ, ఊళ్ళో ముచ్చట్లూ, మా బోటివాళ్ళ తొందరా అన్నీ దాంట్లోకే. కుడి చెవిలో ఇరుసు చప్పుడు తప్ప ఇంకేం పడినా ఖరాబవుతుందని నిజంగానే నమ్మేవాడు.

ఇక చెప్పిన మాటను తిరిగి చెప్పించుకోవడం. నూనె ఎప్పుడు మార్చాలో, లోడు ఎన్నాళ్ళు వెయ్యకూడదో చెప్పి, మూడుసార్లు మన నోటితో అనిపించేవాడు. పెద్ద పెద్ద పటేండ్లు కూడా ఆయన ముందు ఎక్కాలు అప్పజెప్పే పిల్లల్లా నిలబడేవాళ్ళు. ఎందుకీ తంటా అని ఎవరైనా విసుక్కుంటే ఒకటే జవాబు: "నేను జెప్పుడు కాదు, నీ యాదిల ఉండుడు ముఖ్యం. నీ యాదిల లేకుంటే నేను జెప్పనట్టే." ఆ మాట విని నేనూ నవ్వాను, చాలాసార్లు.

మాకు రావల్‌కోల్ దగ్గర ద్రాక్షతోట ఉండేది. తొంభైల్లో ఆ చుట్టుపక్కలంతా ద్రాక్ష పందిళ్ళే. తోటలోంచి రోడ్డెక్కాలంటే నడుమ ఒక ఒర్రె దాటాలి. నీళ్ళుండవు, మోకాలి లోతు ఇసుక. పండు గంపలు నింపిన పికప్ బండి సరిగ్గా అక్కడ ఆగిపోయేది. ఒక చక్రం గట్టి నేల మీద కదలకుండా ఉండేది, ఇంకోటి ఇసుకలో గిర్రున తిరిగి గొయ్యి తవ్వేది. కూలీలను పిలిచి, గోనెసంచులు పరిచి, తోసి తోసి బయటికి తెచ్చేసరికి సగం గుత్తులు కింద రాలేవి. కొత్తపేట మార్కెట్‌కు మా పండు ఎప్పుడూ ఆలస్యంగానే, అలిసిపోయే చేరేది. మా నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయన ఆ కోపం చిన్నాయిన మీద చూపించేవాడు. చిన్నాయిన అంటే బాపు సొంత తమ్ముడు. బండి నడిపేదీ, తోటకు మందు కొట్టేదీ ఆయనే. ఎన్ని తిట్లు తిన్నా ముసిముసిగా నవ్వే మనిషి.

ఆ జారుడుకు మందు ఉస్తాద్ దగ్గర ఉందని విని నేను వెళ్ళాను. పుస్తకాల్లో దాన్ని లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అంటారని తర్వాత తెలుసుకున్నాను. ఆయన ప్లేట్లది అనేవాడు. వేలంలో తుక్కు కింద వచ్చిన ఏదో విదేశీ బండి ఇరుసులోంచి తీసి, గుడ్డలో చుట్టి దాచుకున్నాడు.

"చూడు చిన్నపటేలా, మామూలుది ఉన్నదే, అది జారేటోనికే తిరుగుడంతా ఇస్తది. ఇద్దరు అన్నదమ్ములల్ల ఒకడు గట్టిగ నిలబడ్డడు, ఒకడు జారుతాండు అనుకో. నిలబడ్డోడు ఉత్తగ సూసుకుంట ఉంటడు. ప్లేట్లది గట్ల కాదు. జారేటోని చెయ్యి గట్టిగ పట్టుకుంటది, రెండోనితోని గూడ పని జేపిస్తది."

బాపును ఒప్పించడానికి వారం పట్టింది. డిగ్రీ చదివి తోటలో ఉత్తగా తిరుగుతున్నానని నా మీద ఆయనకు ఎప్పుడూ గుర్రే. ఇది నేను తెచ్చిన మొదటి ఉపాయం. ఏదేమైనా నెగ్గాలని పట్టుదల నాకు.

బండి తీసుకుని షెడ్డుకు వెళ్ళిన మొదటి రోజే నా కళ్ళముందు ఒక సంగతి జరిగింది. ఒక రైతు తన బండికి కూడా ప్లేట్లది వెయ్యమని వచ్చాడు. ఉస్తాద్ అందరినీ అడిగే ప్రశ్నే అతన్నీ అడిగాడు. "గీ బండితోని ఇంకేం పని జేస్తరు?" వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి గడ్డి కోసే మిషన్ నడుపుతామని ఆ రైతు గొప్పగా చెప్పాడు. ఉస్తాద్ చేతిలో పానా కింద పెట్టేశాడు. "అయితే నీ బండికి ఎయ్య. ఒక్క చక్రం లేపితే కిందున్న చక్రం గూడ గుంజుతది. బండి జాకీ మీదికెళ్ళి దుంకుతది. ఎవరో ఒకరు సస్తరు." ఆ మనిషి ఎంత బతిమాలినా వినలేదు.

మా తోటలో మందు కొట్టే పంపు ఇంజన్ ఎప్పుడో చెడిపోయింది. కరెంటు లేనప్పుడు చిన్నాయిన చేసేది అదే పని. ఒక చక్రం లేపి, బెల్టు వేసి, పంపు నడిపేవాడు. మా చుట్టుపక్కల తోటల్లో అది మామూలే.

నా వంతు వచ్చింది. "గీ బండితోని ఇంకేం పని జేస్తరు?"

"ఏం లేదు ఉస్తాద్. పండ్లు తోలుడే."

ఆయన ఎడమ చెవితో విన్నాడు, తల ఊపాడు. ఎవరైనా అబద్ధం ఆడతారేమోనన్న అనుమానం ఆయన పద్ధతిలో లేదు.

నాలుగు రోజులు పట్టింది. బండిని దుంగల మీదికి ఎక్కించి పాతది విప్పాడు. ఇరుసు కడ్డీల చివర పళ్ళు వేలితో తడుముతూ లెక్కబెట్టి, కొత్తదాని లోపలి పళ్ళతో సరిపోయాయో లేదో చూశాడు. లోపలి ప్లేట్లను ఒక్కొక్కటే విడదీసి, రాణీగంజ్ నుంచి ప్రత్యేకంగా తెప్పించిన నూనెలో ఒక పగలంతా నానబెట్టాడు. తర్వాత అసలు పని. మన ఆడవాళ్ళు గడపకు పూసే జాజును నూనెలో కలిపి, పళ్ళకు పూసి, చేత్తో మెల్లగా తిప్పేవాడు. పన్నుకు పన్ను ఎక్కడ తగిలిందో అక్కడ ఎరుపు చెరిగిపోతుంది. ఆ మచ్చ పన్ను నడుమ ఉండాలి. అంచుకు పోతే మొత్తం విప్పి, కాగితమంత పలచని రేకు ఒకటి పెట్టి మళ్ళీ బిగించేవాడు. అలా ఏడుసార్లు. అయిదోసారికి నాకు ఓపిక పోయింది.

"తిరుగుతాంది గదా ఉస్తాద్, ఇగ చాలదా?"

"తిరుగుడు వేరు, కూసుండుడు వేరు. నీకు తొందరుంటే నువ్వు కూసో" అన్నాడు తల ఎత్తకుండానే.

నాలుగో రోజు బండి దింపాక పొట్టులో చేతులు రుద్దుకుని నా చెయ్యి పట్టుకుని వెనక చక్రం మీద పెట్టాడు. "ఒక్క చక్రం లేపి గేరెయ్యొద్దు. లేపితే రెండు లేపాలె. ఇంట్ల అందరికి జెప్పాలె. అను." అన్నాను. "మల్ల." మళ్ళీ అన్నాను. మూడోసారి కూడా అన్నాను. టైరు ఎండకు వేడెక్కి ఉంది. ఆ వేడి నా అరచేతికి ఇంకా గుర్తుంది, అందుకే నేను మరిచిపోయానని ఎవరికీ చెప్పుకోలేను.

మొదటి లోడు రోజు ఆయనే వచ్చాడు. గంపల నడుమ బోర్లా పడుకుని పని చెవి పలకలకు ఆనించాడు. "ఉస్తాద్, ద్రాక్షపండ్లు ఏమన్న ముచ్చట పెడ్తున్నయా?" అని చిన్నాయిన ఆటపట్టించాడు. ఒర్రె రాగానే బాపు అలవాటుగా తోయడానికి దిగాడు. బండి ఆగితే కదా! ఇసుకను చీల్చుకుంటూ అవతలి గట్టెక్కేసింది. బాపు పంచె ఎగ్గట్టి, ఇసుకలో కాళ్ళు కూరుకుపోతూ "ఆపుండ్రిరా, నన్ను ఎక్కించుకోండ్రి" అంటూ వెనక పరుగెత్తాడు. అందరం విరగబడి నవ్వాం, బాపుతో సహా. ఆ ఏడు మార్కెట్లో మా పండే ముందు దిగింది. "మావోడు ఏపిచ్చిండు" అని బాపు పదిమందిలో నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు.

ఇక ఆ చెయ్యి భుజం మీద ఉండగా, ఈ బండితో మందు పంపు నడపకూడదని ఎలా చెప్పను? చెబితే బాపు ఏమంటాడో తెలుసు. గంత మంచిదైతే గా పని ఎందుకు చెయ్యదు, పీకి పారెయ్ అంటాడు. వానలు పడేలోపు పంపుకు కొత్త ఇంజన్ తెద్దాం, అప్పుడు చెప్పే అవసరమే రాదనుకున్నాను. రేపన్నాను, ఎల్లుండన్నాను. వానలు వచ్చేశాయి.

కొమ్మలు కత్తిరించాక లేత చిగురు వచ్చే రోజులు. ముసురు పట్టింది, కరెంటు పోయింది. ఆ పూట మందు కొట్టకపోతే తెగులు తగిలి ఆకు మాడిపోతుంది. కలిపిన డ్రమ్ము చాలదని నేను మైలుతుత్తం కోసం మేడ్చల్ పోయాను. చిన్నాయిన ఎప్పట్లాగే ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, వెనక ఒక చక్రం లేపి, బెల్టు తగిలించి, కూలీ ఒకతన్ని గేరు వెయ్యమన్నాడు. తను చక్రం పక్కన నిలబడి కర్రతో బెల్టు సర్దుతున్నాడు. బండి రాళ్ళు ఎక్కి జాకీ మీది నుంచి దూకింది. ఆయన ఎడమ కాలు ఇరుసు కింద పడింది.

నేను వచ్చేసరికి ఆయన్ని పందిరి కింద పడుకోబెట్టారు. ముఖం తెల్లగా పాలిపోయింది. నన్ను చూసి, "మందు ఆగిపోయిందిరా" అన్నాడు. కాలు నిలిచింది గానీ మోకాలు మళ్ళీ వంగలేదు.

ఇలాంటి డిఫరెన్షియల్‌తో ఒక చక్రం లేపకూడదని, ఆ సంగతి అది బిగించినవాడే చెప్పి ఉండాల్సిందని ఎవరో బాపు చెవిన వేశారు. మూడో రోజు బాపు అయిదారుగురిని వెంటబెట్టుకుని ఉస్తాద్ షెడ్డుకు పోయాడు. నన్నూ రమ్మన్నాడు.

"నీ కొత్త మిషన్ మా తమ్ముని కాలు తిన్నదిరా. ఒక్క ముక్క జెప్తే నీ నోట్లకెళ్ళి ముత్యాలు రాలుతయా?"

ఉస్తాద్ మెల్లగా లేచి నా ముందుకు వచ్చి ఎడమ చెవి నా వైపు తిప్పాడు.

"నువ్వు జెప్పు చిన్నపటేలా. నేను జెప్పిన్నా, జెప్పలేదా?"

అందరూ నా వైపు చూస్తున్నారు. బాపు కూడా. నేల మీద జాజు మరకలు ఇంకా ఉన్నాయి, నేను వాటినే చూస్తూ అన్నాను.

"నాకు యాదికి లేదు."

ఆయన కాసేపు అలాగే చెవి పెట్టుకుని నిలబడ్డాడు, ఇంకేమైనా వస్తుందేమోనని. తర్వాత బాపు వైపు తిరిగాడు.

"ఆయన యాదిల లేకుంటే నేను జెప్పనట్టే పటేలా. తప్పు నాదే."

బాపు చెయ్యి చేసుకోలేదు. రోడ్డు మీదికి వచ్చి, వచ్చేపోయే డ్రైవర్లందరూ వినేలా, ఈ మనిషి దగ్గరికి బండి తెస్తే ఇంట్లో ఒకరి కాలో చెయ్యో పోతుందని అరిచాడు. మేడ్చల్లో ఆ మాటకు రెక్కలు రావడానికి ఎంతసేపు? మరునాడు ఉస్తాద్ తనంతట తానే సామాను పట్టుకుని మా తోటకు వచ్చి, ప్లేట్లది విప్పి పాతది బిగించాడట. నేను కావాలనే ఆ రోజు పొద్దున్నే ఆస్పత్రికి పోయాను. వచ్చాక కూలీలు చెప్పారు, ఆ ఎర్రది పూసి విప్పుడూ బిగించుడూ సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాడని. అంత అవమానం తర్వాత కూడా మచ్చ పన్ను నడుమకు వచ్చేదాకా వదల్లేదన్నమాట.

ఏడాది తిరిగేసరికి షెడ్డుకు తాళం పడింది. తర్వాత ఒకసారి జీడిమెట్ల బస్సులో ఆయన్ని చూశాను. ఒళ్ళో టిఫిన్ డబ్బా, కిటికీకి ఆనించిన తల. ఏదో ఫ్యాక్టరీలో పనికి పోతున్నట్టున్నాడు. నేను రెండు సీట్ల వెనక నిలబడి ఉన్నాను. వంగి ఒక్క మాట చెబితే అయిపోయేది. తర్వాతి స్టాపులో దిగి, ఇంకో బస్సు కోసం గంట నిలబడ్డాను. ఇంటి దగ్గర చిన్నాయిన కర్ర పట్టుకుని నడుస్తూ, "గా ఉస్తాద్ మంచోడేరా, ఏదో మర్శిండు పాపం" అంటుంటే ప్రతిసారీ లేచి బయటికి పోయేవాణ్ణి. తోట పోయి ప్లాట్లయింది. బాపు పోయాడు, రెండేళ్ళ కింద చిన్నాయినా పోయాడు. నేను నిజం చెప్పాల్సిన వాళ్ళంతా నా ముందు నుంచే వెళ్ళిపోయారు.

దుండిగల్ షెడ్డులో ఆ మెకానిక్ మా బండి కింద పడుకుని పని చేస్తూ తన ఉస్తాద్ ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు. నేను అడగకుండానే అసలు సంగతీ వచ్చింది.

"ఒక్కసారి నేను జెప్పుడు మర్శిన, ఒక మనిషి కాలు ఖరాబైంది, మీరు మాత్రం మర్శిపోవద్దు బిడ్డా అని మాకు ఎప్పుడు జెప్తుండె సార్. గది మాట్లాడితే కండ్లల్ల నీళ్ళు తీసుకుంటుండె."

నన్ను కాపాడడానికి ఆ రోజు అన్న మాటను ఆయన చివరిదాకా నిలబెట్టుకున్నాడా? లేక, మనుషులను నమ్మే అలవాటు కొద్దీ నా మాటనే నమ్మి, నిజంగానే మరిచిపోయానేమోనని తన మీద తనే అనుమానపడ్డాడా? రెండోదే అయితే నేను పోగొట్టింది ఆయన షెడ్డును మాత్రమే కాదు.

"ఆయన మర్శిపోలే" అన్నాను.

మెకానిక్ బండి కింద నుంచి తల బయటపెట్టాడు.

"జెప్పిండు తమ్మీ. చక్రం మీద చెయ్యి పెట్టిచ్చి మూడుసార్లు అనిపిచ్చిండు. నేనే యాదికి లేదన్న. ఆ బండి మాదే. ఆ కాలు మా చిన్నాయినది."

అతను బయటికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

"గీ మాట మొన్న ఎండకాలం దాకా వినేటోడు ఉండె గద సార్" అన్నాడు. అని మళ్ళీ బండి కిందికి పోయాడు. ఆ తర్వాత ముచ్చట్లు ఆగిపోయాయి. జాజు పూసి, తిప్పి, విప్పి, మళ్ళీ బిగించి, ఎక్కడా తగ్గించకుండా పని పూర్తి చేశాడు.

సాయంత్రం బండి దింపి, పొట్టులో చేతులు రుద్దుకున్నాడు. నేను లేచి దగ్గరికి వెళ్ళి చక్రం పక్కన నిలబడ్డాను. అతను నన్ను దాటుకుని పోయి, చాయ్ తాగుతున్న మా డ్రైవర్ను పిలుచుకొచ్చాడు. అతని చెయ్యి పట్టుకుని చక్రం మీద పెట్టాడు.

"కొత్త పళ్ళ చక్రాలు ఏసిన. వారం దాక లోడు ఎయ్యొద్దు. వారం కాంగనే నూనె మార్చాలె. ఏం జెప్పిన?"

డ్రైవర్ నవ్వుకుంటూ చెప్పాడు.

"మల్ల జెప్పు."

మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించాడు. తాళంచెవి డ్రైవర్ చేతికిచ్చాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.